మార్టూరు కుట్టు క్లాసూ, మా రిపోర్టుల తగాదా

ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. మోకాళ్ళు రిటైరయ్యాయి గానీ నోరు ఇంకా సర్వీసులోనే ఉందని మావారి ఫిర్యాదు. ఆ నోటితో చేసిన ఉద్యోగం గురించే ఇది.

హెచ్ఐవీ నివారణ పనిలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "డాక్యుమెంటేషన్ ఆఫీసర్ అంటే ఏం చెయ్యాలి మేడం?" అని అడుగుతుంటారు. ఫ్యాను కింద కూర్చుని రిపోర్టులు రాసుకోవడమని వాళ్ళ ఊహ. కాదమ్మా, పోట్లాడాలి. పోట్లాట చేతకాకపోతే బీఈడీ చేసి పిల్లలకి పాఠాలు చెప్పుకోండి, కనీసం వేసవి సెలవులైనా ఉంటాయి.

మాది చిన్న సంస్థ. హెడ్డాఫీసు గుంటూరు బ్రాడీపేటలో, ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద. మీటింగులో ఎవరైనా "కండోమ్" అని కాస్త గట్టిగా అంటే కింద ఫిజిక్సు క్లాసు ఠక్కున ఆగిపోయేది. మూడు చోట్ల మా సెంటర్లుండేవి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర హమాలీల కోసం ఒకటి, వినుకొండలో లారీ డ్రైవర్ల కోసం ఒకటి, మార్టూరులో సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్ళ కోసం ఒకటి. మూడు చోట్లా పని ఒకటే. మనుషులతో మాట్లాడటం, కండోములివ్వడం, సుఖవ్యాధులకి మందులిప్పించడం, రక్తపరీక్షకి పంపడం. (సుఖవ్యాధి అని పేరు పెట్టినవాడికి అది ఒక్కసారి కూడా వచ్చి ఉండదని నా గట్టి నమ్మకం.)

ఈ మూడు సెంటర్ల పనినీ ఒకే పద్ధతిలో రాయించడం నా ఉద్యోగం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ముగ్గురు తోడికోడళ్ళ చేత ఒకే రుచికి పప్పుచారు పెట్టించి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

తిరునాళ్ళ జనం

వినుకొండ ఇన్‌ఛార్జి కోటేశ్వరరావు. మంచివాడే. కాకపోతే ఆయన కలం పడితే మైకు పట్టినట్టే. ఒకసారి ఆయన పంపిన రిపోర్టు చూస్తే, ఆ నెలలో పల్నాడులో సగం మందికి హెచ్ఐవీ గురించి ఆయనే చెప్పేసినట్టుంది. పిలిపించాను.

"ఇంతమందిని ఎప్పుడు కలిశారండీ?"

"తిరునాళ్ళలో మేడం."

"తిరునాళ్ళకొచ్చిన వాళ్ళందరితో మాట్లాడారా?"

"మాట్లాడటమంటే... ప్రభ కింద మన బ్యానరు కట్టించాను."

చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. ప్రభ అంటే వెదుళ్ళతో కట్టిన పెద్ద చట్రం. ఇళ్ళ కప్పులు దాటిపోయే ఎత్తున, కరెంటు బల్బులతో మెరిసిపోతుంటుంది. దాని ముందు స్టేజీ కట్టి డాన్సులు పెడతారు.

"జనం స్టేజీ మీద డాన్సు చూస్తారా, కింద మీ బ్యానరు చూస్తారా?"

"ఎంతసేపని పైకే చూస్తారు మేడం? మెడ నొప్పొచ్చి తల దించుతారు కదా. అప్పుడు చూస్తారు."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే ఆ లెక్క ఒప్పుకున్నట్టే.

"సరే, అది పక్కన పెట్టండి. మామూలు రోజుల్లో సాయంత్రం పూట మీరేం చేస్తారు?"

"ఏముందండీ. లారీ స్టాండులో టీ కొట్టు దగ్గర కూర్చుంటాను. డ్రైవర్లొస్తారు. వాళ్ళతో ఆ మాటా ఈ మాటా మాట్లాడతాను. ఎవరికైనా మంటగా ఉందనో, పుండుందనో చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. డబ్బాలో కండోములుంటాయి, పట్టుకెళ్తారు."

"ఇది రిపోర్టులో ఎక్కడుంది?"

"అది పనేంటి మేడం? కబుర్లు!"

చూశారా? మనిషి చేసే అసలు పని కబుర్లయింది, చెయ్యని పని రిపోర్టయింది. ఈ వృత్తిలో నేను చూసిన పెద్ద జబ్బు ఇదే. బ్యానరు, మైకు, ముఖ్య అతిథి ఉంటేనే పని అనుకుంటారు. పక్కన కూర్చుని టీ తాగుతూ మనిషి మనసులో భయం బయటికి లాగడం వాళ్ళ దృష్టిలో తీరుబడి.

బస్తా విప్పకుండా ధర చెప్పరు

మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా. రైతు "డీలక్స్ సరుకండీ" అంటే అక్కడ ఎవరూ తలూపేవాళ్ళు కాదు. బస్తా విప్పి, కాయ తీసి తుంచి, గింజ చూసి, తేమ చూసి, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసిందో చూసి, ఆ తర్వాతే నోరు విప్పేవాళ్ళు. అప్పుడుగానీ ఈ డీలక్సూ ఆ డీలక్సూ ఒకటేనా కాదా అన్నది తేలదు.

మా రిపోర్టుల్లోనూ అదే గొడవ. "ఒక మనిషిని కలిశాం" అని ముగ్గురూ రాస్తారు. యార్డు సెంటర్ దృష్టిలో కలవడమంటే కరపత్రం చేతిలో పెట్టడం. వినుకొండ దృష్టిలో తల దించడం. మార్టూరు దృష్టిలో మనిషిని లోపల కూర్చోబెట్టి, మాట్లాడి, డాక్టరుకి చూపించి పంపడం. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఏమవుతుంది? అందరికంటే ఎక్కువ పనిచేసే మార్టూరు అందరికంటే సోమరిగా కనిపిస్తుంది.

అందుకని నేను ఒక పేజీ తయారు చేశాను. గొప్ప పేజీ ఏం కాదు, ప్రశ్నలంతే. ఎవరి కోసం చేస్తున్నారు? ఎవరు చేస్తున్నారు? ఎక్కడ, ఏ వేళప్పుడు? సరిగ్గా ఏం చేస్తారు? కలవడమంటే మీ ఉద్దేశమేంటి? ఏం చెయ్యరు? మూడు సెంటర్లూ ఇదే వరసలో జవాబులు రాయాలి. పరీక్ష కూడా ఒకటే: మీ పేజీ చదివిన మనిషి వేరే ఊళ్ళో రేపు పొద్దున ఇదే పని మొదలెట్టగలగాలి. "తగు రీతిలో చైతన్యపరిచాము" అని రాస్తే అది చదివి ఎవరేం మొదలెడతారు? చైతన్యం ఏ కొట్లో దొరుకుతుంది?

మా డైరెక్టరు గారికి ఈ పేజీ నచ్చలేదు. ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు, మేమంతా మాస్టారు అనేవాళ్ళం. "ఇది మరీ పచారీ కొట్టు చీటీలా ఉందమ్మా. రసం లేదు," అన్నారు.

"రసం ఇంట్లో పెట్టుకుందాం మాస్టారూ. ఇక్కడ పని రాద్దాం," అన్నాను.

పేజీ సెంటర్లకి వెళ్ళింది. అసలు తగాదా అక్కణ్ణించి మొదలైంది.

సుజాత నిజాయితీ

మార్టూరు ఇన్‌ఛార్జి సుజాత. పాస్టరు గారమ్మాయి. అబద్ధమాడదు, ఆడినా వెంటనే కళ్ళు పైకెత్తి క్షమించమంటుంది. ఆమె నింపి పంపిన పేజీలో "సరిగ్గా ఏం చేస్తారు?" అన్నచోట ఇలా ఉంది: "వారంలో మూడు సాయంత్రాలు కుట్టు క్లాసు."

ఫోన్ చేశాను. "సుజాతా, కుట్టు క్లాసేంటమ్మా?"

"మన క్లినిక్కే మేడం."

"మరి క్లినిక్ అని రాయొచ్చుగా?"

"ఊళ్ళో అందరికీ కుట్టు క్లాసనే చెప్పాం కదండీ. ఇల్లు అద్దెకిచ్చిన ఆయనకీ అదే చెప్పాం. ఆడవాళ్ళు ఇంట్లో కుట్టు క్లాసుకని చెప్పొస్తారు. ఒకచోట ఒకమాట, ఇంకోచోట ఇంకోమాట అయితే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారుతుంది. అందుకని ఎక్కడైనా సరే ఒకటే మాట అని నియమం పెట్టుకున్నాం. మీరేగా అంతా ఒకే పద్ధతిలో ఉండాలన్నారు?"

నా మాట నాకే అప్పజెప్పింది. తలుపు మీద బోర్డు, ఇంటాయన చెవిలో మాట, మాకు నిధులిచ్చే పై ఆఫీసుకెళ్ళే పేజీ, మూడూ వేరువేరని ఆమెకి చెప్పి ఒప్పించేలోపు ఆ పేజీ మాస్టారి చేతిలో పడింది. ఆయన పరమానందపడ్డారు. ఇన్నాళ్ళకి రసం దొరికింది! కుట్టు క్లాసు పక్కన స్త్రీ సాధికారత చేర్చారు, స్వయం ఉపాధి చేర్చారు, సూదీ దారం పట్టి జీవితాన్ని అతుక్కుంటున్న స్త్రీమూర్తి అని ఒక పేరా ఆయనే స్వయంగా రాశారు. నాకు చూపించకుండా పైకి పంపేశారు.

పైనించి జవాబు రావడానికి ఆలస్యం కాలేదు. హెచ్ఐవీ నివారణకిచ్చిన నిధులతో టైలరింగ్ నేర్పడమేంటి, మార్టూరు సెంటర్ ఎందుకు మూసెయ్యకూడదో చెప్పండి, ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారు, అని.

మూసేస్తే ఏమవుతుంది? క్లినిక్‌కొచ్చే ఆడవాళ్ళలో ముందుండే మనిషి సామ్రాజ్యం. పేరుకి తగ్గ గొంతు. ఆమెనే అడిగాను.

"ఏమవుతుందంటే, పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ ఓపీ లైన్లో మా ఆడబిడ్డ ఆయా. నన్ను చూస్తే మధ్యాహ్నానికల్లా మా అత్తకి తెలుస్తుంది, సాయంత్రానికి నా సామాను బజార్లో ఉంటది. కాబట్టి పోను. నేనే కాదు, ఎవరూ పోరు. జబ్బు ఒంట్లోనే పెట్టుకుంటాం. అది చాలా?"

చాలు. అంతకంటే గట్టి వాక్యం ఏ రిపోర్టులోనూ చదవలేదు నేను.

"అయితే ఆ ఆఫీసరు మేడం వచ్చినప్పుడు ఇదే చెప్పు."

"ఎట్టా చెప్తానక్కా? ఆమె రాసుకుపోతది. రాసింది ఎవరి కంట పడుతుందో నీకు తెలుసా? కుట్టు క్లాసంటే కుట్టు క్లాసే. దేవుడొచ్చి అడిగినా కుట్టు క్లాసే."

చెప్తే గుట్టు పోతుంది, చెప్పకపోతే క్లినిక్ పోతుంది. ఏ ట్రైనింగులోనూ దీనికి పాఠం లేదు.

సూది లేని మిషను

ఆఫీసరు మేడం మధ్యవయసు మనిషి, సన్నటి గొంతు, కాటన్ చీర. కారు దిగేసరికే ఊళ్ళో గ్రానైటు ఫ్యాక్టరీల దుమ్ముకి చీర రంగు మారిపోయింది. మాస్టారూ, నేనూ, సుజాతా ఎదురెళ్ళాం. వసారాలో ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. మధ్యలో, ఎక్కణ్ణించి ఎరువు తెచ్చారో, ఒక కుట్టు మిషను. సామ్రాజ్యం మెళ్ళో కొలతల టేపు వేసుకుని స్టెతస్కోపు వేసుకున్న డాక్టరులా నిలబడింది.

"ఏం కుడతారమ్మా ఇక్కడ?"

"అన్నీ కుడతామండీ."

"ఏదీ, ఒకటి చూపించండి."

"ఎప్పటివప్పుడు ఇచ్చేస్తామండీ. మా దగ్గర నిలవుండదు సరుకు."

"నీకు జాకెట్టు కొలతలు తియ్యడం వచ్చా?"

"టేపు కూడా అక్కర్లేదు," సామ్రాజ్యం ఆవిణ్ణి పైనించి కిందికి చూసింది. "మీకైతే మీటరు బట్ట చాలదు."

మాస్టారు దగ్గారు. సుజాత కళ్ళు అప్పటికే పైకెత్తేసింది.

ఆఫీసరు మేడం ఏమీ అనకుండా వెళ్ళి మిషను ముందు కూర్చుంది. "మా అమ్మ మిషను కుట్టే మమ్మల్ని చదివించింది," అని, తొక్కుడు మీద కాలు పెట్టి నొక్కింది. చక్రం కదల్లేదు. వంగి చూసింది. బెల్టు లేదు. పైన చూసింది. సూదీ లేదు.

ముందుగా కిసుక్కున నవ్వింది సామ్రాజ్యమే. ఆ వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు. చివరికి ఆ సన్నటి గొంతు కూడా నవ్వడం మొదలెట్టింది.

"ఇప్పుడు చెప్పండమ్మా. ఏం జరుగుతుందిక్కడ?"

నవ్వులాగిపోయాయి. అందరూ సామ్రాజ్యం వైపు చూశారు. సామ్రాజ్యం నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు. నా నోటికి అది ఎంత కష్టమో ఎవరికీ అర్థం కాదు. కానీ ఆ గుట్టు నాది కాదు, విప్పే హక్కు నాకు లేదు.

"చెప్తే రాస్తారా?" అడిగింది సామ్రాజ్యం.

"రాయకపోతే దీన్ని నేనెలా ఉంచగలను?"

"మరి రాస్తే మేమెట్టా ఉండగలం?"

అప్పుడు నేను కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నాను. "మేడం, మీక్కావాల్సింది ఇక్కడేం పని జరుగుతుందో, ఎలా జరుగుతుందో. ఈమె భయం ఎవరు వస్తారో, ఏ ఇంటికి వస్తారో బయటపడుతుందని. మొదటిది రాద్దాం, రెండోది వదిలేద్దాం. ఇక్కడే రాద్దాం, వీళ్ళందరి ముందూ. ఒక్కో వాక్యం పైకి చదువుతాను. వద్దన్నది కొట్టేస్తాను."

వసారాలో రాసిన పేజీ

అంత గోలగా నేనెప్పుడూ పేజీ రాయలేదు.

"ఎవరి కోసం?" అని నా మొదటి ప్రశ్న చదివాను.

"హై రిస్క్ గ్రూప్ అని రాయాలి. నిబంధన," అంది ఆఫీసరు మేడం.

"రిస్కు మాదా, మా దగ్గరికొచ్చేవాళ్ళదా?" అంది సామ్రాజ్యం. "వాళ్ళని ఏ గ్రూపంటారు?"

ఆవిడ తన రిపోర్టు పుస్తకం తెరిచి, "సెక్స్ వర్క్ చేసే మహిళలు. అలా రాయనా?" అని అడిగింది.

"ఏ ఊరివాళ్ళో రాయకండి."

"రాయను."

"ఈ ఇల్లెక్కడో రాయకండి."

"జిల్లా రాస్తాను. జిల్లా రాయకపోతే నాకు జీతం ఇవ్వరు."

"జిల్లా పెద్దదేలే. రాసుకోండి."

ఏం చేస్తారు అన్నదగ్గరికొచ్చాం. డాక్టరమ్మ సాయంత్రం వచ్చి చూడటం, మందు ఇక్కడే ఇవ్వడం, రక్తపరీక్షకి వెళ్ళేటప్పుడు తోడుగా ఒకరు రావడం, కండోములు అడక్కుండానే చేతికి అందేలా పెట్టడం. ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. "వాడనని మొండికేసేవాడికి ఎట్టా నచ్చజెప్పాలో మేమే కొత్తవాళ్ళకి నేర్పుతాం," అని వెనకనించి ఎవరో అన్నారు. ఎలా నేర్పుతారని మేడం అడిగింది. వాళ్ళు చేసి చూపించారు. ఒకామె తాగొచ్చిన మేస్త్రీ వేషం కట్టింది. మాస్టారు లేచి రోడ్డు మీదికెళ్ళి లారీలు చూస్తూ నిలబడ్డారు.

ఆయన తిరిగొచ్చి, "ఇందులో సాధికారత అనే మాట ఎక్కడైనా చేరిస్తే..." అన్నారు మెల్లగా.

"అదేంటి మాస్టారూ? టాబ్లెట్టా?" అంది సామ్రాజ్యం. "పొద్దున వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా?"

ఆ మాట చేర్చలేదు.

కుట్టు క్లాసు గురించి ఏం రాయాలన్నది ఆఖరి తగాదా. సుజాత అసలు రాయొద్దంది. నేను రాయాల్సిందేనన్నాను. ఎందుకంటే అది రాయకపోతే వేరే ఊళ్ళో ఎవరైనా ఈ పేజీ చూసి క్లినిక్ పెట్టి, గుమ్మానికి ఇంత పెద్ద బోర్డు కట్టి, ఆడవాళ్ళు రావట్లేదేమని తల గోక్కుంటారు. ఈ పని నడవడానికి సగం కారణం ఆ మారుపేరే. చివరికి ఇలా కుదిరింది: "కేంద్రానికి ఊరివాళ్ళు అనుమానించని మరో పేరుంటుంది. ఆ పేరును వచ్చే మహిళలే నిర్ణయిస్తారు." ఏ పేరో రాయలేదు. ఏ పేరో మీకిప్పుడు ఎందుకు చెప్పానంటే, వాళ్ళు ఆ పేరూ ఆ ఇల్లూ మార్చేసి చాలాకాలమైంది. ఊరి పేరు కూడా వాళ్ళనడిగే చెప్పాను. ఇక్కడ మనుషుల పేర్లు కూడా నేను పెట్టినవే.

కొత్తగా ఈ పనిలోకొచ్చే పిల్లలు ఇది గుర్తుంచుకోండి. పని రాయండి, చిన్నదైనా వదలకుండా రాయండి, అందరూ ఒకే వరసలో రాయండి. మనిషిని రాయకండి. ఈ రెంటి మధ్యా గీత ఎక్కడ గియ్యాలో ఆఫీసులో కూర్చుంటే కనపడదు. ఎవరి బతుకు ఆ గీతకి అటో ఇటో అవుతుందో, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు తిడతారు. పడండి. జీతం అందుకే.

పేజీ పూర్తయ్యేసరికి డాక్టరమ్మ బస్సు దిగి వస్తోంది. సామ్రాజ్యం టేపు తీసి మిషను మీద పడేసింది.

"ఇంతకీ ఉంచుతారా, మూస్తారా? అది చెప్పి లేవండి."

"ఉంచాలనే రాస్తాను," అంది ఆఫీసరు మేడం. "ఈ పేజీ చూశాక పైవాళ్ళు కాదనలేరు."

"కాదంటే?"

"కాదంటే మళ్ళీ నేనే రావాలిగా. అప్పుడు నువ్వు నన్ను ఊరు దాటనిస్తావా?"

"దాటనివ్వను," అంది సామ్రాజ్యం. "సరే లేవండి. ఆ కుర్చీలు లోపలికి కావాలి. మీ ముచ్చట్లు బయట పెట్టుకోండి, డాక్టరమ్మకి మళ్ళీ ఆఖరి బస్సు దొరకదు."

లేచాం. కుర్చీలు లోపలికి పోయాయి, వాటి వెనకే ఆడవాళ్ళూ పోయారు, తలుపు దగ్గరికి పడింది. ఆఫీసరు మేడం, నేను, మాస్టారు, పనిచెయ్యని మిషను వసారాలో మిగిలాం. అప్పుడే రోడ్డున పోతున్న ఒక పెద్దావిడ మిషను చూసి ఆగింది. వెంట కాలేజీ వయసు పిల్ల.

"ఏమ్మా, ఇక్కడ కుట్టు నేర్పుతారంటగా? మా మనవరాల్ని చేర్చుకుంటారా?"

సుజాత లోపలుంది. మాస్టారు నోరు తెరవబోయారు. ఆయన చెయ్యి గిల్లుదామని నేను కదిలేలోపే ఆఫీసరు మేడం మెట్టు మీదికి వచ్చి నిలబడింది. తలుపుకి అడ్డంగా, రెప్ప వెయ్యకుండా, ఆ సన్నటి గొంతుతోనే చెప్పింది.

"సీట్లు లేవమ్మా. ఈ బ్యాచీ నిండిపోయింది."